చీకటి గది బయట

మా కాలేజీ ఫిజిక్సు లేబరేటరీలో ఒక మూల చీకటి గది ఉండేది. తలుపుకి లోపలివైపు నల్లగుడ్డ వేలాడేది. కిటికీలకు నల్లరంగు పూసిన అట్టలు కొట్టారు. వెలుగును రంగులుగా విడదీసి కొలిచే స్పెక్ట్రోమీటర్లన్నీ అందులోనే. డిగ్రీ చివరి రెండేళ్ళూ నేను ఆ తలుపు ఎదురుగా ఒక బల్ల దగ్గర కూర్చుని, లోపల మగపిల్లలు కళ్ళతో చూసి వచ్చినదానికి బయట కాయితం మీద లెక్కలు కట్టాను.

నరసన్నపేటలో మా నాన్నది కిరాణా కొట్టు. ఇంట్లో నా చదువుకి ఎవరూ అడ్డు చెప్పలేదు, అలాగని ఎవరూ ముచ్చటపడనూ లేదు. ఉక్కు ఫ్యాక్టరీ కోసం గొడవలు జరిగి కాలేజీలు మూతబడిన ఏడాది నేను విజయనగరంలో బి.ఎస్‌సి.లో చేరాను. మా మేనత్త ఇల్లు అక్కడే. మావయ్య రైల్వేలో గూడ్సు క్లర్కు. వాళ్ళింట్లో ఉండి చదువుకునేలా మాట్లాడుకున్నారు. బోటనీ చదివే ఆడపిల్లలు కొందరు ఉండేవారు కాని, లెక్కలు, ఫిజిక్సు, కెమిస్ట్రీ గ్రూపులో నేనొక్కదాన్నే. మొదటి బెంచీ మొత్తం నాది. నా పక్కన ఎవరూ కూర్చోకూడదు కాబట్టి ఖాళీగా ఉండేది.

రెండో ఏడాదిలో వర్ణపటాల పాఠం మొదలైంది. చెప్పినాయన మా సీనియర్ లెక్చరర్. ఎప్పుడూ మెడదాకా గుండీలు పెట్టిన కోటు, చేతికి సుద్ద. ఆయన బాగా చెప్పేవారు. ఆ మాట ఒప్పుకోవడం నాకిప్పటికీ కష్టంగానే ఉంటుంది. ఇనుప కడ్డీని కాలిస్తే అన్ని రంగులూ కలిసిన వెలుగు వస్తుందనీ, అదే ఒక మూలకాన్ని ఆవిరి చేసి వెలిగిస్తే కొన్ని రంగులే, అవీ విడివిడి గీతలుగా వస్తాయనీ చెప్పారు. సోడియం గీతలు సోడియానివే. పాదరసం గీతలు పాదరసానివే. ఒకదాని గీతలు ఇంకొకటి ఇవ్వదు. సూర్యుడిలో ఏముందో మనిషి అక్కడికి పోకుండా తెలుసుకున్నది ఈ గీతల వల్లనే అన్నారు. క్లాసు అయిపోయాక కూడా నేను బెంచీ మీదనుంచి లేవలేదు.

ఆ ఏడాదీ మరుసటి ఏడాదీ ఈ గీతలు నాకు ప్రతి పేపర్లోనూ ఎదురయ్యాయి. వెలుగు పేపర్లో ప్రిజం దగ్గర, పరమాణువు పేపర్లో హైడ్రోజన్ దగ్గర, ఎక్స్ కిరణాల దగ్గర ఇంకోసారి, కేంద్రకం దగ్గర మరోసారి. ఒక్కో పేపరు ఒక్కొక్కరు చెప్పేవారు. మగపిల్లలు ఒక్కోదానికి ఒక్కో నోట్సు రాసుకుని, ఒక్కోటి విడిగా బట్టీ పట్టేవారు. నాకు మాత్రం అంతా ఒకటే మాటలా అనిపించేది. శక్తి మెట్లలో పై మెట్టు మీద ఉన్నది కింది మెట్టుకు దిగుతుంది, దిగేటప్పుడు మిగిలిన శక్తిని వెలుగుగా వదిలేస్తుంది. మెట్లు చిన్నవైతే కంటికి కనిపించే రంగు. పెద్దవైతే ఎక్స్ కిరణం. ఒకరోజు సీనియర్ లెక్చరర్ క్లాసులో లేచి అడిగాను.

"సార్, కేంద్రకం నుంచి వచ్చే గామా కిరణాలు కూడా ఇలా గీతల లెక్కనే వస్తాయా? దానికీ మెట్లుంటాయా?"

ఆయన సుద్ద పట్టుకున్న చెయ్యి దించారు. "ఉంటాయి. ఇది నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు సార్. పరమాణువుకి ఉన్నప్పుడు దానికెందుకు ఉండకూడదూ అనుకున్నాను."

"కూర్చో" అన్నారు. వెనక బెంచీల్లో ఎవరో దగ్గారు. ఆ రోజే నేను వాల్తేరు యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదవాలని నిశ్చయించుకున్నాను.

చీకటి గదిలో ప్రయోగాలు మొదలైన రోజు అందరితోపాటు నేనూ రికార్డు పుస్తకం పట్టుకుని తలుపు దాకా వెళ్ళాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"నువ్వు వద్దమ్మా. లోపల చీకటి, పదిమంది మగపిల్లలు. రేపు ఎవడైనా ఏదైనా అన్నాడంటే నీకూ మాటే, నాకూ మాటే. రీడింగులు నీ జతవాడు తీసి ఇస్తాడు, నువ్వు లెక్క కట్టుకో. మార్కులకేం లోటు రాదు."

చాలా మర్యాదగా చెప్పారు. నేనూ అంతే మర్యాదగా తలూపి వెనక్కి వచ్చాను. నా జతవాడు బొబ్బిలి నుంచి వచ్చిన కుర్రాడు. మంచివాడే. లోపలికి పోయి స్పెక్ట్రోమీటరు దూరదర్శినిలోంచి గీతలు చూసి, కోణాలు రాసుకుని, బయటికొచ్చి కాయితం నా ముందు పెట్టేవాడు. సరిగ్గా ఎలా ఉంటాయని అడిగితే, "బాగుంటాయి" అనేవాడు. అంతకంటే చెప్పడం అతనికి రాదు.

ఒకసారి అతను సోడియం దీపంతో గ్రేటింగు ప్రయోగం చేసి రీడింగులు తెచ్చాడు. గ్రేటింగు అంటే సన్నటి గీతలు దగ్గరదగ్గరగా గీసిన గాజుపలక. వెలుగు దానిలోంచి పోయి ఎడమకీ కుడికీ విడిపోతుంది. రెండు వైపులా కోణం ఒకటే రావాలి. అతని కాయితంలో రెండూ కలవడం లేదు.

"గాజుపలక వెలుగుకి ఎదురుగా లేదు. కొంచెం వంకరగా పెట్టావు" అన్నాను.

"చూడకుండా ఎలా చెప్తావు?"

"ఎడమ పక్కదానికీ కుడి పక్కదానికీ తేడా చూడు. వంకరగా పెడితేనే అలా వస్తుంది."

అతను కాయితం పట్టుకుని లెక్చరర్ దగ్గరికి వెళ్ళి, నేనన్నమాట చెప్పాడు. ఆయన లేబరేటరీ మధ్యలో నిలబడి నవ్వారు.

"లోపలికి పోయి కళ్ళతో చూసినవాడిది తప్పూ, గుమ్మం బయట కూర్చున్నామెది ఒప్పూనా? బాగానే ఉంది!"

అందరూ నవ్వారు. నా చెవులు మండిపోయాయి. మరుసటి వారం నా జతవాడు ఎవరికీ చెప్పకుండా గాజుపలక సరిచేసి మళ్ళీ తీశాడు. కోణాలు కలిశాయి. అతను తగ్గుగొంతుతో నాకు చెప్పాడు. లెక్చరర్ కొత్త రీడింగులు చూసి, మా ఇద్దరి రికార్డుల మీదా సంతకం చేశారు.

ఆ సంతకం చూసి నాకు కొంచెం ధైర్యం వచ్చింది. చీకటి గదిలోకి నన్నూ రానివ్వమని అడిగాను. ఈసారి ఆయన, "మీ ఇంట్లోవాళ్ళు సరేనంటే ప్రిన్సిపాల్‌గారితో మాట్లాడతాను. కాయితం రాయించుకు రా" అన్నారు. ఆ సాయంత్రం మావయ్య డ్యూటీ నుంచి వచ్చి కాళ్ళు కడుక్కునేదాకా ఆగి, విషయం చెప్పాను.

"సీకటి గదిలో ఏటి సూస్తావు?" అన్నాడు మావయ్య.

"గీతలు మావయ్యా. రంగు గీతలు."

"గీతలు సూడ్డానికి సీకట్లో మగపిల్లల మద్దిని నిలబడాలా? నాను సంతకం ఎట్టను. రేపేటైనా అయితే మీ అయ్య వొచ్చి నన్నడుగుతాడు."

"మిగతావాళ్ళందరూ చూస్తున్నారు. పరీక్షలో అదే వస్తే?"

"వస్తే వస్తాది. నీకు రాసిచ్చీవోడు ఉన్నాడు కదా."

అత్త వంటింట్లోంచి తొంగి చూసి, "ఊరుకోవే. సదువు మానిపించీలేదు కదా, దానికే సంతోషించు" అంది.

ఆ నెలలోనే నా జతవాడు సెలవులకు బొబ్బిలి వెళ్ళి వచ్చాడు. రికార్డు పుస్తకం తిరిగి ఇచ్చేటప్పుడు, పైన మడత పెట్టిన కాయితంలో ఒక గాజు ముక్క పెట్టి ఇచ్చాడు. ఎవరివో పాత బంగళాలో సామాను అమ్మేస్తుంటే పగిలిన గాజుదీపాల షాండిలియర్‌లోంచి తెచ్చాడట. మూడు పలకల గాజు, అచ్చం ప్రిజంలాగే. "నువ్వే చూసుకో" అన్నాడు. నా మొహం చూడకుండా వెళ్ళిపోయాడు.

బట్టలకొట్టు నుంచి అట్ట గొట్టం ఒకటి తెచ్చాను. మావయ్య వాడి పారేసిన బ్లేడు రెండు ముక్కలు చేసి, మధ్య సన్నటి సందు వచ్చేలా గొట్టం ఒక చివర అంటించాను. రెండో చివర గాజు ముక్కను లక్కతో నిలబెట్టాను. ఒక సాయంత్రం అత్త గుడికి వెళ్ళినప్పుడు వంటింటి తలుపు, కిటికీ దగ్గరగా వేసి, కిరసనాయిలు పంపు స్టవ్వు వెలిగించాను. దాని మంట నీలంగా ఉంటుంది. గొడుగు ఇనప పుల్లను తడిపి ఉప్పులో ముంచి మంటలో పెట్టాను. మంట ఒక్కసారి పసుపుగా మారింది. గొట్టంలోంచి చూశాను. మొదట ఏమీ లేదు. కొంచెం పక్కకి తిప్పాను. నల్లటి చోట సన్నగా, నిలువుగా, ఒక్క పసుపు గీత కనిపించింది.

మా కొట్లో బస్తాల్లో పోసి అమ్మే నౌపడా ఉప్పే అది. దానిలోంచి వచ్చిన గీత. నిజానికి అవి దగ్గరదగ్గరగా రెండు గీతలని పుస్తకంలో ఉంది. నా అట్ట గొట్టానికి వాటిని విడదీసే శక్తి లేదు. అయినా సరే, నేను కన్నీళ్ళు తుడుచుకుని మళ్ళీ మళ్ళీ చూశాను. అంతగా సంతోషపడిన రోజు ఆ కాలేజీ చదువులో ఇంకొకటి లేదు.

తరవాత వారం సున్నం పెట్టి చూశాను. ఆ తరవాత మైలుతుత్తం. కొట్లో పురుగుల మందుకని అమ్మే మైలుతుత్తంలో రాగి ఉంటుంది, అది మంటను ఆకుపచ్చగా చేస్తుంది. అది తెలుసు కాని, కిటికీ రెక్క సరిగా పడలేదని నాకు తెలియలేదు. పక్కింటి ముసలమ్మ పెరట్లో బట్టలు తీస్తూ చూసింది. చీకటి చేసిన వంటిల్లు, పచ్చటి మంట, దానికెదురుగా గొట్టం కంటికి పెట్టుకుని నేను. ఆమె వేసిన కేకకి వీధిలోవాళ్ళు వచ్చారు.

"ఓలమ్మో! మీ మేనకోడలు పొయ్యిలో ఏటో ఏసి పచ్చమంట రేపతన్నాది! గొట్టం ఎట్టి ఎవుల్నో సూస్తన్నాది! మా మనవడికి జొరం తగ్గక సస్తన్నాం. ఇది సిల్లంగి కాకపోతే ఏటి?"

చిల్లంగి అంటే మా వైపు చేతబడి. ఆ మాట పడిన ఆడదాన్ని ఊళ్ళవాళ్ళు ఏం చేస్తారో మా అత్త చిన్నప్పుడు కళ్ళారా చూసింది. గుడి నుంచి అప్పుడే వచ్చిన మనిషి లోపలికి పరిగెత్తింది. బిందెడు నీళ్ళు తెచ్చి స్టవ్వు మీద కుమ్మరించింది. "అది పాఠం అత్తా, కాలేజీ పాఠం" అని నేను చెబుతూనే ఉన్నాను. ముసలమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని అత్త, "సిన్నపిల్ల, తెలీక సేసింది, మాటనకు" అని బతిమాలింది. చెయ్యని తప్పుకు క్షమాపణ అడగడం నేను అప్పుడే మొదటిసారి చూశాను.

మావయ్య వచ్చాడు. ఆయనకి చిల్లంగి మీద నమ్మకం లేదు. నాకు మేలు జరుగుతుందేమో అనుకున్నాను. ఆయన గాజు ముక్కను చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు.

"ఇది ఎవులిచ్చారు?"

"కొన్నాను."

"ఎక్కడ?"

నిజం చెప్పలేను. చెబితే ఆ కుర్రాడికీ నాకూ కలిపి ఊళ్ళో ఇంకో కథ పుడుతుంది. మావయ్య ఇంకేమీ అడగలేదు. గాజును పెరటి రాతి మీద పెట్టి పచ్చడి బండతో కొట్టాడు. అత్త ఆ ముక్కలు చాటలోకి ఎత్తి, కాలికి గుచ్చుకోకుండా కాలవలో పారబోసింది.

కబురు వెళ్ళి మర్నాడు నాన్న నరసన్నపేట నుంచి బస్సులో వచ్చాడు. కోప్పడలేదు. అరుగు మీద నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"ఆ యవ్వారం మనకొద్దమ్మా. పరీక్షలు రాసి ఇంటికొచ్చీ."

"యవ్వారం కాదు నాన్నా. అది పాఠం."

"పాఠమైతే పుస్తకంలో ఉంటాది గాని, పొయ్యిలో ఎందుకుంటాది?"

నాన్న సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయాడు. ముసలమ్మ మనవడికి కొన్నాళ్ళకు జ్వరం దానంతటదే తగ్గింది. ఆ సంగతి చెప్పడానికి మాత్రం ఎవరూ రాలేదు. నేను నూతి దగ్గర ఉంటే ఆమె బిందె పట్టుకుని దూరంగా నిలబడేది. నేను వెళ్ళిపోయాక నూతి గట్టు కడిగి నీళ్ళు తోడుకునేది. చదువు అయ్యేదాకా అంతే.

మూడో ఏడాది చివర ప్రాక్టికల్ పరీక్ష వచ్చింది. బల్ల మీద మడిచిన చీటీలు. బయటి ఊరి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినరు, పక్కన మా లెక్చరర్. నేను తీసిన చీటీలో గ్రేటింగుతో పాదరసం గీతలు కొలవమని ఉంది. చీటీ చదివి మా లెక్చరర్ మొహం చూశాను. ఆయన మొహం పాలిపోయింది. ఎగ్జామినరు వైపు వంగి, "ఈ అమ్మాయికి వేరే ప్రయోగం ఏదైనా..." అన్నారు.

"ఎందుకు?" అన్నాడు ఎగ్జామినరు. "ఈమెకి మారిస్తే మిగతావాళ్ళు ఊరుకుంటారా? ఇది నేర్పలేదా?"

ఒక్క మాట చాలు. ఈ అమ్మాయిని మేం ఆ గదిలోకి ఎన్నడూ రానివ్వలేదు అని చెబితే చాలు. ఆయన నా రికార్డు పుస్తకం తెరిచి, తన సంతకం ఉన్న పేజీ చూపించారు.

"నేర్పాం. చేసింది. ఇదిగో. వెళ్ళమ్మా, నీకు వచ్చిందే కదా."

నల్లగుడ్డ పక్కకి తీసి మొదటిసారి లోపలికి అడుగుపెట్టాను. వేడెక్కిన దీపం వాసన. చీకటికి కళ్ళు అలవాటు పడడానికే కొంత సమయం పోయింది. స్పెక్ట్రోమీటరులో ఏ భాగం పేరేమిటో, ఎందుకుందో, దాని వెనక లెక్క ఏమిటో అంతా నాకు తెలుసు. ఏ మర ఎటు తిప్పాలో చేతికి తెలియదు. ఒకటి తిప్పితే వెలుగు పలచబడి మసకైంది. ఇంకొకటి తిప్పితే మొత్తం పోయింది. పక్క స్పెక్ట్రోమీటరు దగ్గర ఒక కుర్రాడు టకటకా కోణాలు రాసుకుంటున్నాడు. సాయం అడగకూడదు. చెమటకి చేతులు జారిపోతున్నాయి. చాలాసేపటికి గాజుపలక ఎదురుగా కుదిరింది. దూరదర్శిని మెల్లగా పక్కకి తిప్పాను.

ఊదా గీత, తరవాత నీలం, తరవాత కత్తిలా మెరిసే ఆకుపచ్చ, దాని పక్కన రెండు పసుపు గీతలు. చిత్రపటంలో చూసి, లెక్కల్లో చూసి, చివరికి కళ్ళముందు చూశాను. నా తోటివాళ్ళు విసుక్కుంటూ, ఆవలిస్తూ ఇన్నాళ్ళూ చూసినవి ఇవా అనిపించింది. ఏడుపొచ్చింది. ఎవరి మీదనో తెలియనంత కోపం కూడా వచ్చింది. అలా నిలబడి ఆ కాసేపూ పాడు చేసుకున్నాను. ఎడమవైపు కోణాలు రాసేసరికి ఎగ్జామినరు వచ్చాడు.

"కుడి పక్క రీడింగులేవి?"

"ఇంకొంచెం టైమివ్వండి సార్."

"అందరికీ ఒకటే టైము." బయటికొచ్చాక నా రికార్డు తిరగేస్తూ మా లెక్చరర్‌తో అన్నాడు. "రికార్డు ముత్యాల్లా ఉంది. చెయ్యి మాత్రం కదలడం లేదు. ఎవరో చేసి పెట్టినట్టున్నారు."

లెక్చరర్ ఆ మాట విననట్టు పక్క కుర్రాడి పేపరు అందుకున్నారు.

థియరీ పేపర్లలో కాలేజీలో నాదే మొదటి స్థానం. ప్రాక్టికల్స్‌లో గట్టెక్కానంతే. రెండూ కలిపేసరికి ఎమ్మెస్సీ సీటుకు సరిపోలేదు. నా జతవాడికి సీటు వచ్చింది. అతను వాల్తేరు వెళ్ళేముందు ఒకసారి నరసన్నపేట వచ్చి మా కొట్టు దగ్గర ఆగాడు. సీటు మీ అమ్మాయికి రావలసిందని మా నాన్నతో అన్నాడట.

"రావలసింది అయితే వచ్చీది కదా బాబూ" అన్నాడట నాన్న. పొట్లం కట్టి ఇచ్చి పంపేశాడు.

నేను టీచరు ట్రైనింగు చేసి, శ్రీకాకుళంలో ఒక ఆడపిల్లల హైస్కూల్లో లెక్కల టీచరుగా చేరాను. సైన్సు చెప్పడానికి వేరే టీచరు ఉండేది. ఏళ్ళు గడిచాయి. ఒక ఏడాది స్కూలు వార్షికోత్సవానికి ముఖ్య అతిథి ఎవరా అని చూస్తే మా లెక్చరర్. ప్రిన్సిపాల్‌గా రిటైరయ్యారు. జుట్టంతా తెల్లబడింది. నన్ను గుర్తుపట్టారు. వేదిక మీద మైకులో, ఆడపిల్లలు ఫిజిక్సు వైపు రాని రోజుల్లోనే తమ కాలేజీ ఈమెను చదివించిందని గొప్పగా చెప్పారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. సభ అయ్యాక హెడ్మిస్ట్రెస్ గదిలో కాఫీ ఇస్తుండగా అడిగారు.

"ఎమ్మెస్సీకి ఎందుకు వెళ్ళలేదమ్మా? తెలివైనదానివి."

"ప్రాక్టికల్స్‌లో మార్కులు తగ్గాయి సార్."

"ఆడపిల్లలకి అదొక్కటే చిక్కు. పరికరాల దగ్గర భయపడతారు."

"నేను భయపడలేదు సార్. మీరు నన్ను చీకటి గదిలోకి రానివ్వలేదు. చేసిందని మాత్రం రికార్డులో సంతకం పెట్టారు."

హెడ్మిస్ట్రెస్ చేతిలో కప్పు ఆగిపోయింది. ఆయన నన్ను చూస్తూ, నిజంగానే గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించారు. ఆ ప్రయత్నం చూస్తే నాకు తెలిసిపోయింది. ఆయనకి ఏమీ గుర్తు లేదు.

"అలా జరిగిందా? అయి ఉండవచ్చు. ఆ రోజులు అలాంటివమ్మా."

ఆ రోజులు తలుపుకి చెయ్యి అడ్డం పెట్టలేదనీ, పెట్టింది ఆయనేననీ చెప్పాలనుకున్నాను. ఆయన కాఫీ పూర్తి చేసి, పిల్లలు బాగా క్రమశిక్షణతో ఉన్నారని హెడ్మిస్ట్రెస్‌ను మెచ్చుకుని, దండ చేతికి చుట్టుకుని రిక్షా ఎక్కారు.

పెద్దవాళ్ళతో ఎలా మాట్లాడాలో తెలియదని హెడ్మిస్ట్రెస్ చాలాకాలం నాతో ముభావంగా ఉంది. మరుసటి ఏడాది టైమ్‌టేబులు వేసినప్పుడు నా పదో తరగతి తీసేసి ఆరో తరగతి ఇచ్చింది. ఎందుకని అడిగితే, "పెద్ద క్లాసులకి మెత్తటి మనిషి కావాలండి" అంది.